మొగుడి సంతకం ఎందుకంట?

మే పిల్లా,

మొన్న ఫోన్లో నవ్వుతా అడిగావే, "ఏందే, పొదుపు లెక్కలు రాసుకునేదానివి, ఇప్పుడు ఆస్పత్రి ముందు కూర్చుంటున్నావంట, ఎలక్షన్లో నిలబడతావా ఏంది" అని. అప్పుడు మా అత్త పక్కనే చిక్కుళ్ళకు ఈనెలు తీస్తా కూర్చోనుంది, ఆమె ముందర ఏం మాట్లాడను చెప్పు. అందుకే రాస్తున్నా. పొడుగ్గానే ఉంటుంది, పనులన్నీ అయినాక తీరిగ్గా చదువుకో.

మా పొదుపు సంఘంలో ఒక పిల్ల ఉంది. ఇద్దరు బిడ్డలు, చిన్నదానికి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. మొగుడు బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు, పండక్కో పబ్బానికో వస్తాడు. ఈ పిల్లకి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఇప్పుడే వద్దు, చిన్నది నీరసపు బిడ్డ, రేపేమన్నా అయితే అని భయం. అట్టాగని ఇప్పట్లో ఇంకో కాన్పూ వద్దు. కడుపు రాకుండా గర్భసంచిలో పెట్టే కాపర్-టి వేయించుకుందామని ఆస్పత్రికి పోతే "మీ ఆయన్ని తీసుకురా, సంతకం కావాలి" అన్నారంట. ఊళ్ళో లేడంటే "అయితే వచ్చినాకే రా" అన్నారంట. ఆయన ఒక శనివారం రాత్రి వచ్చాడు, సోమవారం తెల్లారి బస్సెక్కాడు. ఆ మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం. ఆస్పత్రికి ఎప్పుడు పోయేది? ఇంక చెప్పేదేముంది, ఆ నెలే తప్పింది.

ఎవరికీ చెప్పకుండా మందుల షాపు నుంచి కడుపు పోయే మాత్రలు తెప్పించుకుంది. ఎన్ని వారాలైందో లెక్క చూసుకోలేదు, స్కానింగ్ లేదు, ఏమీ లేదు. ఆ మాత్రలు చెడ్డవేం కావు, డాక్టరు చూసి ఇస్తే తొమ్మిది వారాల్లోపు వాడొచ్చని ప్రభుత్వం రూల్సే ఉన్నాయి. ఇక్కడ చూసిందెవరు? రక్తం పోతానే ఉన్నా బయటపడలేదు, నీళ్ళ బిందె ఎత్తబోయి వాకిట్లో పడిపోతే అప్పుడు 108కి ఫోన్ చేశారు. మా మెట్ట నుంచి నెల్లూరంటే నీకు తెలుసుగా, వంద కిలోమీటర్లకు దగ్గర. రక్తం ఎక్కించారు, బతికింది. ఇంటికొచ్చాక నేను చూడబోతే నా చెయ్యి పట్టుకుని ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "అక్కా, నా మీద పోలీసు కేసు అవుద్దా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందా అని. తర్వాత ఒకరోజు స్కానింగ్ సెంటర్ ముందు నిలబడితే అర్థమైంది. గోడ మీద ఇంత పెద్ద అక్షరాలతో "లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం" అని ఉంటుంది కదా. అది 1994 నాటి చట్టం, ఆడపిల్లా మగపిల్లాడా అని ముందే చెప్పించుకోవడం గురించి. మనోళ్ళు దాన్ని చూసి కడుపు తీయించుకోవడమే నేరమనుకుంటారు. ఆ బోర్డు ఉండాల్సిందే, నేను కాదనను. దాని పక్కన రెండో బోర్డు కూడా ఉండాలి గదా, 1971 నుంచి ఈ దేశంలో అబార్షన్‌కు వేరే చట్టం ఉందని చెప్పేది. యాభై ఏళ్ళు దాటినా ఆ బోర్డు ఎవురూ పెట్టలా.

ఈ సంగతులన్నీ మాకు చెప్పింది మా వీధి చివర ఉండే రిటైరైన నర్సమ్మ. ఆమెను మేమంతా సిస్టరమ్మ అంటాం. పిల్ల సంగతి విని ఆ రాత్రే మమ్మల్ని పిలిపించింది. 2021లో చట్టం మార్చారంట. ఇరవై వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, ఇరవై నాలుగు దాకా కొందరికి, అంటే అత్యాచారానికి గురైనవాళ్ళు, మైనర్లు, కడుపుతో ఉన్నప్పుడే మొగుడు పోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళు ఇట్టాంటివాళ్ళకి ఇద్దరు డాక్టర్లు చెప్తే చాలు. వేసుకున్న లూపో, మింగిన మాత్రో పనిచెయ్యక కడుపొస్తే అది కూడా కారణం కిందికే వస్తుంది, పెళ్ళి కాకపోయినా సరే. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెళ్ళైనవాళ్ళకీ కానివాళ్ళకీ తేడా చూపించకూడదని ఇంకా గట్టిగా చెప్పింది. 18 నిండితే ఆమె ఒప్పుకోలు ఒక్కటే కావాలి. మొగుడిది అక్కర్లేదు, అత్తది అసలే అక్కర్లేదు. పేరు బయటపెట్టినవాళ్ళకి ఏడాది దాకా జైలు శిక్ష కూడా ఉందంట! ఇక్కడేమో లైన్లో అందరూ వింటుండగా "ఎందుకొచ్చావమ్మా" అని అరిచి అడుగుతారు.

అప్పుడు నేను అడిగా, "మరి కాపర్-టికి, ఆపరేషన్‌కి?" అని. సిస్టరమ్మ నవ్వింది. "కాపర్-టికి ఎవరి సంతకమూ అక్కర్లేదే. ఆఖరికి ఆపరేషన్‌కి కూడా మొగుడి సంతకం తప్పనిసరి కాదని ప్రభుత్వం వాళ్ళే రాసి పెట్టారు. రేపు ఏ మొగుడన్నా వచ్చి గొడవ చేస్తాడేమోనని స్టాఫ్ వాళ్ళ భయం వాళ్ళది, నేనూ ఉద్యోగం చేసేటప్పుడు అడిగేదాన్ని" అంది. ఆమె ఆ మాట దాచకుండా చెప్పింది చూడు, అందుకే నాకు ఆమె మీద గురి కుదిరింది.

ఇదంతా తీసుకుపోయి గ్రామ సంఘం మీటింగ్‌లో పెట్టా. లోను కంతుల లెక్కలైపోయాక, అందరూ లేవబోతుంటే. అబ్బో, ఏమన్నా గలాటానా! "ఇట్టాంటివి ఇక్కడ మాట్లాడతారా" అని ఇద్దరు లేచిపోయారు. మిగిలినవాళ్ళు కూర్చున్నారు, ముందు నేల చూపులు చూశారు, తర్వాత ఒకామె తన సంగతి చెప్పింది, ఇంక ఆగితే ఒట్టు. కాపర్-టి కోసం వెతుక్కుంటా పోయినదాన్ని, అక్కడ విన్నది గర్భసంచుల కథలు.

నీకు తెలుసా, మన రాష్ట్రంలో పెళ్ళైన ఆడవాళ్ళలో ఇంచుమించు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, కేంద్రం వాళ్ళ 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ఇది. మగవాళ్ళది ఒక్క శాతం కూడా లేదు. వాళ్ళకి చేసేది కోత కుట్టు లేని చిన్న పని, అదే రోజు ఇంటికి పోవచ్చు, ఒక మూడు నెలలు జాగ్రత్తగా ఉంటే చాలు. అయినా "బరువులు ఎత్తేవాళ్ళు, వాళ్ళకెందుకు" అంటాం. బరువులు ఎత్తేది ఎవరే మనూళ్ళో? సరే, అది ఇంకో ఉత్తరం. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద చూస్తే 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో నూటికి ముగ్గురు, మన ఆంధ్రలో దాదాపు తొమ్మిదిమంది. మా మీటింగ్‌లో చూస్తే ఆ లెక్క కూడా తక్కువే అనిపించింది.

అది ఎట్టా జరుగుతుందో ఆ రోజు వరసగా విన్నా. ఇరవై రెండుకో ఇరవై మూడుకో ఆపరేషన్ అయిపోతుంది. తర్వాత తెల్లబట్ట అవుతుంది, నెలసరి ఎక్కువ రోజులు పోతుంది, నడుం నొప్పి. కూలికి పోయే మనిషి నెలకు నాలుగు రోజులు పడుకుంటే జరుగుబాటు కాదు. ఊళ్ళో ఆర్ఎంపీ చూసి టౌన్లో ఫలానా నర్సింగ్ హోముకు పొమ్మంటాడు, ఆయన కమీషన్ ఆయనకు ఉంటుంది. అక్కడ స్కానింగ్ కాగితం మీద వేలు పెట్టి "పుండు ఉంది, రేపు క్యాన్సర్ అయిద్ది" అంటే ఇంకేముంది, పిల్లలు ఎట్టాగూ చాలనుకున్నాం, ఆ సంచితో పనేముంది అని తీయించేసుకుంటారు. గాజులో కమ్మలో కుదవపెట్టి కూడా. ఒకామె చెప్పింది, ఆమెకు ముప్పై రెండేళ్ళకే తీసేశారు, అండాశయాలు కూడా తీశారని ఆమెకు తెలియనే తెలియదు, కాగితాలు చూసి సిస్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి ఒళ్ళంతా ఆవిర్లు, రాత్రి నిద్ర లేదు, మోకాళ్ళు నలభైకే పట్టేశాయి. "నాకు వయసు ముందే అయిపోయిందమ్మా" అని మామూలుగా చెప్పింది. చాలావాటికి ముందు మందులున్నాయి, పరీక్షలున్నాయి, క్యాన్సర్ ఉందో లేదో చూడటానికి చిన్న పరీక్ష సర్కారు ఆస్పత్రిలోనే ఉంది. నిజంగా సంచి తియ్యాల్సినవాళ్ళు కూడా ఉంటారు, కాదనడం లేదు, అది చివర్లో చేసే పని గదా. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అవసరం లేకుండా గర్భసంచులు తియ్యకుండా కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చెయ్యాలని. జిల్లాకో కమిటీ ఉండాలంట. మా జిల్లా కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో, ఏం చూస్తుందో కనుక్కోవాలని, కలెక్టరేట్లో ఇవ్వబోయే మా అర్జీలో అదీ రాశాం.

ఇప్పుడు తమాషా చూడు. సర్కారు వాళ్ళు నిన్నటిదాకా "ఇద్దరు చాలు" అన్నారు, ముగ్గురుంటే సర్పంచి పోటీకి కూడా పనికిరారన్నారు. ఒక్కో ఆడమనిషి కనే పిల్లల లెక్క సగటున 1.7కి పడిపోయేసరికి 2024లో ఆ రూలు ఎత్తేసి, ఇప్పుడు ఇంకా కనండి అంటున్నారు. ఆపమన్నా వాళ్ళే, కనమన్నా వాళ్ళే. మధ్యలో మా పిల్ల అడిగింది ఏంది? ఒక మూడేళ్ళు ఆగుతానంది. ఆ ఆగేదానికి మాత్రం దోవ లేదు.

అంటే సరుకు లేదని కాదు. మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది, ఛాయ మాత్రలున్నాయి, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత ఒకటి, పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. అన్నీ ఉచితమే. చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా సగమే చెప్తారు. మా ఎగువ వీధిలో ఒక కోడలు అంతర వేయించుకుంటే నెలసరి ఆగిపోయింది. ఆ ఇంజెక్షన్‌కు అట్టా ఆగొచ్చు, భయం లేదు, ఆ ముక్క వేసేటప్పుడే చెప్పాలి. చెప్పలేదు. అత్తేమో, మొగుడు ఊళ్ళో లేనప్పుడు నెల తప్పిందని వీధిలో పంచాయితీ పెట్టింది. సిస్టరమ్మ పోయి మూత్రం పరీక్ష చేసి చూపిస్తేగాని ఆ గొడవ ఆగలా. ఆశా అమ్మాయిని తిట్టడం సులువే, ఆ పిల్లకి మాత్రం ఎన్ని పనులు, బాలింతలు, టీకాలు, సర్వేలు, ఫోన్లో యాప్‌లు. నిజానికి మాకు ఎక్కువ సాయం చేసింది ఆమే. ఏ ఇంట్లో ఎవరితో, ఎప్పుడు మాట్లాడాలో ఆమెకే తెలుసు.

ఇంక నువ్వు విన్న ఆ "కూర్చోవడం" సంగతి. ధర్నా కాదే, మైకు లేదు, జెండా లేదు. ఓపీ టైంకి ఇరవైమంది దాకా పోయి బెంచీల మీద కూర్చున్నాం, డాక్టరు గారొచ్చాక, మొగుడి సంతకం అడగొద్దని రాసిన కాగితం ఇచ్చాం. ఆయన కొత్తాయన, మంచివాడే, ముందు కంగారుపడ్డాడు. స్టాఫ్‌లో ఒకరు "మొగుడికి తెలియకుండా చేస్తే రేపు మాకు రిస్కమ్మా" అన్నారు. అప్పుడు మా వెంట వచ్చిన ముసలామె లేచింది. ఆమె ఎవరనుకున్నావు, అప్పట్లో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుని సారా ఉద్యమంలో తిరిగిన మనిషి. దూబగుంట రోశమ్మ వాళ్ళు మొదలుపెట్టింది మన జిల్లా అంతా అంటుకుని, 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు జరగనీకుండా ఆడవాళ్ళు అడ్డం కూర్చున్నారే, ఆ గుంపులో ఈమె ఉంది. చేతికర్ర నేలకేసి కొట్టి అంది గదా, "ఏమయ్యా, సారా కొట్లు మూయించేటప్పుడు మేం మా మొగుళ్ళ సంతకాలు తీసుకునే పోయామా?"

ఓపీలో ఉన్న మగవాళ్ళు కూడా నవ్వారు. డాక్టరు గారు నవ్వు ఆపుకుని కాగితం చదివారు. వారం తిరక్కుండానే లోపలి గదిలో ఒక తెల్ల కాగితం అంటించారు, కాపర్-టికి, అంతరకు భర్త సంతకం అడగరాదు అని. ఇప్పుడు ఓపీలో అందరి ముందు అడగకుండా పక్క గదిలోకి పిలిచి అడుగుతున్నారు. మా పిల్లకి కాపర్-టి వేశారు. ఆ కాగితం ఫోటో తీసి పంపిస్తా చూడు, స్కెచ్ పెన్నుతో రాశారు, "అడగరాదు" కింద రెండు గీతలు కూడా కొట్టారు.

ఇంట్లో మాత్రం సుఖం లేదులే. మా ఆయన ఏమనడు, ఏమనకుండా ఉండటం కూడా ఒక రకం అనడమే. మా అత్తయితే "కడుపులు తీయించే సంఘమంట" అని వీధిలో ఎవరో అన్న మాట నాకు రోజుకొకసారి అప్పజెప్తుంది. ఒకాయన మా సంఘంలో భార్యని మానిపించాడు. కొందరు దేవుడి పేరు చెప్తారు, వాళ్ళతో నేను వాదించను. నీకు వద్దనిపిస్తే నువ్వు వద్దనుకో తల్లీ, కావాల్సినదానికి అడ్డం నిలబడబాక అని ఒక్క మాట అంటా, అంతే.

మిగిలింది పెద్ద పని. అబార్షన్ చెయ్యడానికి ట్రైనింగ్ అయిన డాక్టరు మాకు దగ్గర్లోని సర్కారు ఆస్పత్రిలో వారానికి ఒక రోజైనా ఉండాలి, లేకపోతే మళ్ళీ ఆ మందుల షాపే గతి. అది మేం కూర్చున్న ఆ చిన్న ఆస్పత్రి, పీహెచ్‌సీ చేతిలో లేదు, కలెక్టరేట్లోనే తేలాలి. వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వబోతున్నాం, ఆరుగురం వస్తున్నాం. సోమవారం తొలి బస్సుకు బయల్దేరినా అక్కడ లైను పెద్దదైపోతుంది, ఆదివారం రాత్రికే నెల్లూరు చేరాలి. మూలపేటలో మీ చిన్నమ్మ వాళ్ళు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నారా? మిద్దె మీద గది ఖాళీగా ఉంటే ఒక్క రాత్రికి ఇస్తారేమో అడిగి చెప్పు. భోజనం మేమే కట్టుకొస్తాం. ఆ కర్ర ముసలామె కూడా వస్తోంది, మెట్లెక్కలేదు, ఆమెకు కింద వరండాలో మంచం వేస్తే చాలు. ఎందుకొచ్చారని చిన్నమ్మ అడిగితే ఏం చెప్పాలా అని నువ్వు ఆలోచించబాక, నేనే చెప్తా. శుక్రవారం లోపల ఫోన్ చెయ్యి, మధ్యాహ్నం పూట చెయ్యి, అప్పుడైతే మా అత్త పడుకుని ఉంటుంది.

నీ పాత బెంచీమేటు