నీ డాలస్ చేప, మన నస్కల్ రాళ్లలో

ఒరేయ్ మూర్తీ,

ట్రినిటీ నది ఒడ్డు నుంచి నువ్వు పంపిన ఫొటో చూశాను. చేప ఒళ్లు, మొసలి మూతి! గార్ చేప అది. కింద "ఇలాంటిది మన దేశంలో ఎక్కడుందిరా?" అని గొప్పగా రాశావు కదా, అక్కడే దొరికిపోయావు. ఇప్పుడు లేదు గానీ, ఒకప్పుడు ఉండేది. అదీ మన వికారాబాద్ పక్కన నస్కల్‌లోనే.

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి మాట. దక్కన్ అంతా లావా కక్కుతున్న కాలం. ఒక ప్రవాహం చల్లారాక రెండోది వచ్చేలోపు ఒక్కోచోట వేల ఏళ్లు గడిచేవి. ఆ ఖాళీలో నల్లరాయి మీద నీరు నిలిచి మడుగులయ్యేవి, అడుగున ఒండ్రు పేరుకునేది. తర్వాత మళ్లీ లావా వచ్చి పైన మూత పెట్టేసేది. నస్కల్‌లోనూ, ఆసిఫాబాద్‌లోనూ అలాంటి పొరల్లోనే గార్ చేప పొలుసులు దొరికాయి. దాని పేరు లెపిసోస్టియస్ ఇండికస్.

ఆ పేరు పెట్టినవాడు లండన్ శాస్త్రవేత్త ఆర్థర్ స్మిత్ వుడ్‌వర్డ్. చంద్రపూర్ వైపు డోంగర్‌గావ్‌లో దొరికిన శిలాజాలను చూసి 1908లో పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లో దొరికిన ఆదిమానవుడిదంటూ పిల్ట్‌డౌన్ మనిషి పుర్రెను నమ్మి లోకానికి చాటిందీ ఈయనే. అది పచ్చి మోసమని 1953లో తేలింది. పాపం, మన చేపతోనే ఆగి ఉంటే పరువు దక్కేది!

పొలుసు సంగతి చెప్పాలి. కత్తితో గీకితే రాలిపోయే రకం కాదు. డైమండు ఆకారంలో ఉన్న గట్టి ఎముక బిళ్ల, పైన పంటి పింగాణీలా నిగనిగలాడే గానోయిన్ అనే పూత. అంచున చిన్న మొన ఉంటుంది, అది పక్క బిళ్ల గుంటలో కూర్చుంటుంది. మీ అమెరికా ఆదివాసులు వీటిని బాణాల ములుకులుగా వాడేవారు. చేప చచ్చి కుళ్లినా బిళ్లలు మిగులుతాయి. రాయిని నీళ్లలో నానబెట్టి, సన్నటి జల్లెళ్లలో కడిగి, మిగిలిన నలుసులను సూక్ష్మదర్శిని కింద ఏరితే ఇవి బయటపడతాయి.

అదే నస్కల్‌లో దొరికిన డెక్కనోలెస్టిస్ అనే ఎలుకంత జంతువుకు 1988లో ఎంత పేరొచ్చిందో! మన దేశంలో దొరికిన తొలి క్రెటేషియస్ (డైనోసార్ల చివరి యుగం) క్షీరదం మరి. చేపను పట్టించుకున్నవాళ్లు తక్కువ. నాకు మాత్రం చేపే వింత. అప్పటికి భారతదేశం సముద్రం నడుమ ఒంటరి ద్వీపం. మడగాస్కర్ కూడా విడిపోయి రెండు కోట్ల ఏళ్లు దాటింది. మంచినీటి చేప ఇక్కడికెలా వచ్చింది? కొన్ని గార్‌లు ఉప్పునీటిలోనూ ఈదగలవు కాబట్టి సముద్రం దాటి వచ్చిందని అనుకోవచ్చు. ఖండాలు విడిపోకముందే వాటి పూర్వీకులు ఇక్కడ ఉన్నారనుకోవడమే నాకు ఇష్టం. ఆ రోజుల్లో ఈ వంశం ఐరోపా, ఆఫ్రికాల్లోనూ ఉండేది. నేడు మిగిలిన ఏడు జాతులూ ఉత్తర, మధ్య అమెరికాలకూ క్యూబాకూ పరిమితం.

ఇంకో తమాషా. 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో కలుపు తీస్తుంటే ఎలిగేటర్ గార్ దొరికింది. అక్వేరియంలో పెంచి, పెద్దదయ్యాక ఎవరో వదిలేశారని నా అనుమానం. తిరిగి రావాలంటే ఇంకో దారి దొరకలేదు కాబోలు!

ఈసారి వెళ్తే కాసేపు కూర్చుని చూడు. మన కొర్రమీనులాగే అదీ పైకి తేలి గాలి పీల్చుకుంటుంది. ఎవరైనా వండిపెడితే మాంసం తిను గానీ, గుడ్లు మాత్రం ముట్టకు, అవి విషం. చెల్లెమ్మకు కూడా చెప్పు, చేప గుడ్ల వేపుడంటే ఆవిడకు ప్రాణం కదా.

నీ
శేషు