2024 వార్షిక నివేదిక – కార్యదర్శి నుంచి సభ్యులకు

కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

పండగల సంగతి ముందు చెప్పేస్తాను. ఉగాదికి పచ్చి వేపపువ్వు దొరకలేదు. డెన్వర్ దుకాణం నుంచి ఎండుది తెచ్చి కానిచ్చాం. బతుకమ్మకి తంగేడు ఇక్కడ ఎలాగూ లేదు కాబట్టి ఎప్పటిలా బంతి, జిన్నియాలతోనే పేర్చారు. ఆగస్టులో కొత్త విద్యార్థులను డెన్వర్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చిన వాలంటీర్లకు కృతజ్ఞతలు. జమాఖర్చుల పత్రం కోశాధికారి విడిగా పంపారు. ఇక్కడ మళ్లీ రాయను.

ఈ ఏడాది కమిటీ సమయంలో ఎక్కువ భాగం ఇళ్ల గొడవకే పోయింది. దాని గురించే వివరంగా రాస్తున్నాను.

మన ఫోర్ట్ కాలిన్స్‌లో అందరూ ‘యూ ప్లస్ టూ’ అనే, 2024 జులై దాకా ఉన్న నియమం కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు. నువ్వు, ఇంకో ఇద్దరు, అంతే. రక్తసంబంధం, పెళ్లి, దత్తత, చట్టబద్ధమైన సంరక్షణ, వీటిలో ఏదో ఒకటి ఉంటే ఒక ఇంట్లో ఎంతమందైనా ఉండగలిగేవారు, వాళ్లతో ఒక్క బయటి మనిషి అదనం. ఏ చుట్టరికమూ లేకపోతే ముగ్గురికి మించకూడదనేవారు. 1960ల నుంచీ ఇది నగర నిబంధనల్లో ఉన్నా గట్టిగా అమలు చేయడం మొదలైంది 2007లో. జరిమానా రోజుకు వెయ్యి డాలర్ల దాకా వెళ్లగలిగేది. అంటే నాలుగు బెడ్‌రూముల ఇల్లు క్లాస్‌మేట్లు తీసుకుంటే, ఒక గదికి తాళం వేసి ముగ్గురే నాలుగు గదుల అద్దె కట్టాల్సి వచ్చేది.

మనవాళ్లు అలా చేయలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. లీజు మీద మూడు పేర్లు, ఇంట్లో నలుగురో అయిదుగురో. ఎవరైనా అడిగితే ‘కజిన్’. మన దగ్గర పెద్దమ్మ కొడుకు అన్నే, పక్కింటాయన బాబాయే కాబట్టి అది పూర్తి అబద్ధమని కూడా ఎవరికీ అనిపించేది కాదు. పోయినేడాది ఒక కుర్రాడికి మాత్రం అది తిప్పలు తెచ్చింది. ఫిర్యాదు వచ్చిందని తెలియగానే ఓనరు, లీజులో పేరు లేని ఆ నాలుగోవాణ్ణి వారం రోజుల్లో వెళ్లిపొమ్మన్నాడు. మిడ్‌టర్మ్‌ల ముందు. డిపాజిట్ సొమ్ములో తన వంతు అడగడానికి అతని చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. ఆ సెమిస్టరంతా మన ఉపాధ్యక్షుల వారి బేస్‌మెంట్‌లో గడిపాడు.

ఇలాంటి నియమాలు ఈ ఒక్క ఊరి పైత్యం కాదు. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని బెల్ టెర్ అనే చిన్న గ్రామం కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దగ్గర్లోని యూనివర్సిటీ విద్యార్థులు ఆరుగురు ఒకే ఇంట్లో ఉన్నారని గ్రామం అభ్యంతరం చెప్పింది. చుట్టరికం లేనివాళ్లు ఇద్దరికి మించకూడదన్న ఆ నియమాన్ని కోర్టు సమర్థించింది. అప్పటి నుంచి మిగతా ఊళ్లకీ ధైర్యం వచ్చింది. మూడేళ్ల తర్వాత ఒహాయోలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్ కేసు మాత్రం అడ్డం తిరిగింది. ఐనెజ్ మూర్ అనే నాయనమ్మ తన కొడుకు, అతని పిల్లవాడు, తల్లి చనిపోయిన ఇంకో మనవడితో కలిసి ఉంటోంది. మనవలిద్దరూ సొంత అన్నదమ్ములు కారని ఆవిడకి అయిదు రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు. మన ఇళ్లలో ఈ మాట చెబితే నమ్మరు. సుప్రీంకోర్టు 1977లో ఆ శిక్ష చెల్లదంది. అయితే గెలిచింది రక్తసంబంధమే. స్నేహితుల లెక్క 1974లో ఉన్నచోటే ఉండిపోయింది.

ఈ ఉగాది వెళ్లిన వారంలోనే, ఏప్రిల్ 15న, గవర్నర్ జారెడ్ పోలిస్ హెచ్‌బీ 24-1007 అనే బిల్లు మీద సంతకం పెట్టారు. జులై 1 నుంచి కొలరాడోలో ఏ నగరమూ, ఏ కౌంటీ (జిల్లా లాంటిది) చుట్టరికాన్ని బట్టి ఇంట్లో మనుషుల సంఖ్యకు పరిమితి పెట్టకూడదు. అయోవా 2017లో, ఆరెగాన్, వాషింగ్టన్ 2021లో ఇలాంటి చట్టాలే చేశాయి.

మన సంఘంలో అందరూ సంతోషించలేదు. ఇది దాచడం నాకిష్టం లేదు. సొంతిళ్లున్న కొందరు సభ్యులు మే సమావేశంలో గట్టిగానే మాట్లాడారు. ఒక ఇంటి ముందు ఆరు కార్లు, మంచులో కాలిబాట ఎవరూ ఊడ్వకపోవడం, అర్ధరాత్రి దాకా మాటలు. విద్యార్థుల వైపు నుంచి ఒకమ్మాయి లేచి, వాళ్లలో ఒకాయనతో “అంకుల్, మీరొచ్చిన కొత్తలో ఎంతమంది ఉండేవాళ్లు?” అంది. హాలంతా నవ్వారు, ఆయన కూడా. అయినా ఆయన బాధ నిజమే. కాకపోతే కారు ఎక్కడ పెట్టారో చూడాల్సింది పోయి, ఎవరు ఎవరికేమవుతారని అడగడం తప్పుడు దారి అని నా అభిప్రాయం.

చట్టం మారింది కదా అని హాల్లో నాలుగు పరుపులు పరిచేయకండి. భవన, అగ్నిమాపక నిబంధనల ప్రకారం పరిమితి పెట్టే అధికారం ఊరికి ఇంకా ఉంది. చాలా ఊళ్లు తమ మార్పులతో అనుసరించే నమూనా కోడ్ ప్రకారం పడకగది కనీసం 70 చదరపు అడుగులుండాలి, ఇద్దరు ముగ్గురు పంచుకుంటే మనిషికి 50. బేస్‌మెంట్‌లో పడుకునేవాళ్లకి ప్రమాదంలో బయటికి ఎక్కి రాగలిగే కిటికీ తప్పనిసరి. చలికాలంలో ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఉండేదీ అక్కడే. లీజు మాట లీజుదే: అందులో ముగ్గురని రాసి ఉంటే ముగ్గురే. కొత్త చట్టం చేతులు కట్టింది నగరాలకి, కౌంటీలకి. అందుకే ఫాల్ సెమిస్టర్‌లో వచ్చినవాళ్లతో కూర్చుని లీజులు చదివే కార్యక్రమం పెట్టాం. లాయరు సలహా కాదు, సీనియర్లు పక్కన కూర్చుని చదవడం, అంతే. ప్రతి ఒక్కరి పేరూ లీజు మీద ఉండాలన్నదే మేం పదే పదే చెప్పిన మాట. స్ప్రింగ్‌లోనూ కొనసాగిస్తాం.

చివరిగా, మనకే కాస్త తలవంపు కలిగించే విషయం. సెప్టెంబర్‌లో ఒకే ఇంట్లో ఉంటున్న నలుగురు కుర్రాళ్లు కుటుంబ సభ్యత్వం కావాలని ఫారం నింపి పంపారు. ఒకే వంటిల్లు, ఒకే గ్రాసరీ ఖాతా అని రాశారు. మన నియమావళి తీసి చూస్తే, కుటుంబం అంటే భార్యాభర్తలు, పిల్లలు, వారి తల్లిదండ్రులు. కాబట్టి నలుగురూ విడివిడిగా చందా కట్టాలి, అది కుటుంబ చందా కంటే ఎక్కువ అవుతుంది. ‘యూ ప్లస్ టూ’ లాంటి నియమాలు ఎత్తేయమని చట్టసభకు రాసిన వినతిపత్రం మీద సంతకాలు చేసిన కమిటీయే ఆ ఫారం తిప్పి పంపింది. తిప్పి పంపిన సంతకం నాదే.

నియమావళిలో కుటుంబం అంటే ‘ఒకే ఇంట్లో కలిసి వండుకుని ఉండేవాళ్లు’ అని మార్చే తీర్మానం సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. ఆదాయం తగ్గుతుందని కోశాధికారి అభ్యంతరం రాసిచ్చారు, అదీ జతపరిచాం. రెండూ చదివి ఓటేయడానికి రండి.

భవదీయుడు,
కార్యదర్శి