మంత్రిగారూ, కేబుల్ తెగితే నా జీతం కోస్తారా?

కార్మిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం సార్. తెలుగులో రాస్తున్నందుకు ఏమనుకోకండి. కన్నడ మాట్లాడతాను, రాయడం రాదు. ముందిచ్చిన మూడు అర్జీలూ మా రూమ్మేట్ చేత చక్కటి కన్నడలోనే రాయించాను, మూడింటి మీదా స్టాంపు పడింది, స్టాంపు తప్ప ఇంకేం రాలేదు. కన్నడకే దిక్కు లేనప్పుడు తెలుగైతే ఏంటిలే అనిపించింది.

మాది కదిరి. బెంగళూరులో, మారతహళ్లి వైపు ఇంటర్నెట్ ఫైబర్ టెక్నీషియన్ని. టీషర్టు కంపెనీది, జీతం కాంట్రాక్టర్‌ది, 18,000.

ఈ ఊళ్లో చెట్లకీ స్తంభాలకీ వేలాడే కేబుళ్లు తీసేయాలని అప్పుడప్పుడూ ఒక ఊపు వస్తుంది. తీయాల్సిందే, కాళ్లకి చుట్టుకుని జనం పడుతున్నారు. కానీ ఆ తీసేవాళ్లు కత్తిరించి వెళ్లిన పావుగంటకి మోగేది నా ఫోను. ఒక కేబుల్ తెగితే వీధంతా రూటర్లలో ఎర్రలైటు, ఇంటికో టికెట్, అంటే ఫిర్యాదు, ఒక్కోదానికి నాలుగు గంటల గడువు. దాటితే టికెట్‌కి 150 కట్. పోయిన నెల ఒక్క రాత్రిలో 18 టికెట్లు దాటాయి. 2,700 సార్.

ఆ రాత్రి సన్నగా వాన. 24 కోర్ల కేబుల్, ఒక్కో పోగు వెంట్రుకంత గాజు దారం. నీలం నీలానికి, నారింజ నారింజకి కలపాలి, వీధి దీపం కింద తెలుపేదో పసుపేదో ఎవడికి తెలుస్తుంది? పై పొర గీకి, స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్‌తో తిన్నగా కోసి పోగులు అతికించే స్ప్లైసింగ్ మెషిన్‌లో పెట్టాలి, చినుకు పడిందా, మళ్లీ మొదట్నుంచీ. గొడుగు పట్టింది పక్క బడ్డీకొట్టు తాత. మూడున్నరకి అయింది. పొద్దున్నే ఒకాయన ఒక్క స్టార్ ఇచ్చాడు, దానికి ఇంకో వంద పోయింది.

జరిమానా నెల జీతంలో 3 శాతం దాటకూడదని 1936 నాటి వేతనాల చట్టంలోనే ఉండేది, దాని బదులొచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. నా జీతానికి 540. వేసే ముందు సంజాయిషీ అడగాలని కూడా ఉంది. నన్నెవరూ అడగలేదు, మెసేజ్ వచ్చింది, అంతే. కాంట్రాక్టర్‌ని నిలదీస్తే ఇది జరిమానా కాదట, 'ఇన్సెంటివ్ రివర్సల్' అట! ఎప్పుడూ ఇవ్వని ఇన్సెంటివ్‌ని వెనక్కి తీసుకోవడం ఎలాగో మీరైనా చెప్పండి. కంపెనీని అడిగితే కాంట్రాక్టర్‌ని అడగమంటారు.

డెలివరీ కుర్రాళ్లకి 2025లో చట్టం తెచ్చారు, మంచిదే. మాకూ పని యాప్‌లోనే వస్తుంది, రేటింగూ యాప్‌లోనే, పెట్రోలు మా జేబులోదే. అయినా మేం వాళ్లలా గిగ్ కార్మికులం, అంటే యాప్‌లో పనికింత అని చేసేవాళ్లం కాదట, కాంట్రాక్ట్ కార్మికులమట. పోనీ కాంట్రాక్ట్ కార్మికులకి ఉన్నవైనా ఇప్పిస్తారా అంటే అదీ లేదు.

పెద్ద కోరికలేం లేవు సార్. ఎవరో కోసిన కేబుల్‌కి మా జీతం కోయొద్దని ఒక్క సర్క్యులర్. కేబుల్ కోసేదానికి ఒక రోజు ముందు చెప్పమని ఆ తీసేవాళ్లకో మాట. నా 2,700. సరే, ముందు ఒక ఇన్‌స్పెక్టర్‌నైనా పంపండి, జీతం స్లిప్పులు, ఆ మెసేజీలు అన్నీ ప్రింట్ తీసి పెట్టాను. నాలుగోసారి కూడా స్టాంపు వేసే కౌంటర్‌కే రమ్మంటే మాత్రం ముందే చెప్పండి, ఆ పూట టికెట్లు కూడా దాటిపోతాయి.

ఇట్లు,
మీ మూడు స్టాంపులు దాచుకున్న ఒక టెక్నీషియన్