మా పరిధి కాదంటే ఎలా?

సంపాదకులకు,

నెల్లూరు హరనాథపురంలో చీకటి పడితే ఆడవాళ్లు గొలుసు కనబడకుండా కొంగు కప్పుకుని నడుస్తున్నారు. మా మలుపులో వీధి దీపం వెలగదు; పక్క వీధిలోది పట్టపగలూ వెలుగుతుంటుంది! ఈమధ్య పొరుగింటి పెద్దావిడ మెడలో గొలుసు తెంపుకుపోతే, ఫిర్యాదుకు వెళ్లిన స్టేషన్‌లో ‘అది మా పరిధి కాదు’ అన్నారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు చేయవచ్చు. నమోదైన వివరాల ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. ఇలా తిప్పి పంపాక నేరాలు తగ్గాయని లెక్కలు చెబితే నమ్మేదెవరు? ఈ సెక్షన్‌ను ప్రతి స్టేషన్ గుమ్మం దగ్గరా తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించాలని జిల్లా పోలీసు అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హరనాథపురం, నెల్లూరు