‘మీదే ఊరు?’ మార్కులు వేశాక అడగండి

సంపాదకులకు నమస్కారం.

మనకు తెలియకుండానే పనిచేసే పక్షపాతం గురించి హైదరాబాద్ కంపెనీల్లో ఒక్కరోజు శిక్షణలు జరుగుతున్నాయి. ఉద్దేశం మంచిదే. కానీ ఒక్క పూట ఉపన్యాసంతో తీర్పులు మారవు. 492 అధ్యయనాలను కలిపి 2019లో చేసిన విశ్లేషణలో, ఇలాంటి ప్రయత్నాల వల్ల ఈ పక్షపాతాన్ని కొలిచే పరీక్షల్లో స్కోరు కాస్త మారినా, దానివల్ల నడవడిక మారినట్టు తేలలేదు. వాటిలో ఒకటైన, మాటలను, బొమ్మలను మనం ఎంత వేగంగా జతచేస్తామో చూసే 1998 నాటి ఐఏటీ (ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్) పరీక్షనే తీసుకోండి. ఒకే మనిషి రెండుసార్లు చేస్తే స్కోరు వేరుగా రావచ్చు. దాన్ని బట్టి ఎవరికీ ముద్ర వేయకూడదు. ఈ పరిశోధనకు పునాది వేసినవారిలో ఒకరైన మహ్జరీన్ బనాజీ సికింద్రాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో చదివినవారే.

మార్చాల్సింది ఎంపిక పద్ధతిని. పరిశోధకులు థోరట్, అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో సమాన అర్హతలతో, పేర్లు మాత్రమే మార్చి ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. అగ్రవర్ణ పేరుతో పోలిస్తే పిలుపు వచ్చే అవకాశం దళిత పేరుకు సుమారు మూడింట రెండు వంతులు, ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు.

అందుకే వడపోతకు ముందే వేరొకరు బయోడేటాలో పేరు, తండ్రి పేరు, ఫోటో, చిరునామా కొట్టేసి నంబరు వేయాలి. పేరు ఒక్కటి తీస్తే చాలదు. పాతబస్తీ పిన్‌కోడ్, సాంఘిక సంక్షేమ గురుకులం అన్న మాట మిగతాది చెప్పేస్తాయి.

ఇంటర్వ్యూకు ఐదారు ప్రశ్నలు ముందే రాసుకుని అందరినీ అదే వరుసలో అడగాలి. ఎలాంటి జవాబుకు 5, ఎలాంటిదానికి 3, దేనికి 1 అన్నదీ ముందే రాసి ఉండాలి. జవాబు పూర్తవగానే మార్కు వేయాలి. ఆఖరున వేద్దామంటే మొదట కలిగిన అభిప్రాయమే అన్నిటికీ పాకుతుంది. పాలమూరు యాసనో శ్రీకాకుళం యాసనో విని ‘కమ్యూనికేషన్ తక్కువ’ అని రాసేది అప్పుడే. ‘మీదే ఊరు?’ లాంటి పలకరింపులు మార్కుల కాగితాలు ఇచ్చేశాకే.

ప్యానెల్ సభ్యులు విడివిడిగా మార్కులు ఇచ్చిన తర్వాతే చర్చ మొదలవ్వాలి, పెద్దాయన చివర మాట్లాడాలి. లేదంటే ఆయన అభిప్రాయమే అందరిదీ అవుతుంది. ‘మన టీంలో ఇముడుతాడా?’ అన్న ప్రశ్న తీసేయడమే మేలు. దానికి కొలత లేదు, మనలాంటివాళ్లే గట్టెక్కుతారు. జవాబు పత్రాలు దిద్దే అధ్యాపకులైతే పేరు కనపడకుండా మడిచి, అందరి మొదటి ప్రశ్న దిద్దాక రెండోదానికి వెళ్తే చాలు.

ఇంటిపేరు అడిగి ‘టు-లెట్’ ఇల్లు లేదనడం వేరు. అది తెలిసి చేసే వివక్ష. దానికి ‘తెలియకుండా’ అన్న ముసుగు తొడగడాన్ని మేము ఒప్పుకోం.

మార్కుల కాగితాలను సంస్థలు కనీసం ఏడాది దాచాలి. వడపోత, ఇంటర్వ్యూ, నియామకం దశల్లో ఏ వర్గంవారు ఎంతమంది మిగిలారో విడిగా లెక్కకట్టి, ఎక్కడ ఒక్కసారిగా తగ్గారో ఆ దశలోని ప్రశ్నలను, కొలతలను ముందుగా సరిచేయాలి.

— మనస్తత్వశాస్త్ర అధ్యాపకులు, తార్నాక, హైదరాబాద్