ప్యూర్టోరికో 3వ నంబరు రోడ్డు: మైలా, కిలోమీటరా?

సంపాదకులకు,

కరీబియన్ సముద్రంలో అమెరికా ఏలుబడిలో ఉన్న దీవి ప్యూర్టోరికోలో కారు ప్రయాణం గురించి పర్యాటక పేజీలో వేసేటప్పుడు, దయచేసి ప్రతి అంకె పక్కనా మైలో కిలోమీటరో చెప్పండి. ఆ దీవిలో రెండూ కలిసే నడుస్తాయి. వేగ పరిమితి బోర్డులు మైళ్లలో, రోడ్డు పక్కన దూరం చెప్పే బోర్డులు కిలోమీటర్లలో ఉంటాయి. పెట్రోలేమో లీటర్ల లెక్క. అమెరికాలో గాలన్ ధరకు అలవాటుపడ్డవాళ్లకు రేటు చవగ్గా కనిపిస్తుంది, గాలన్‌కు సుమారు 3.8 లీటర్లు కాబట్టి 3.8తో గుణిస్తే ఆ సంబరం కాస్తా తీరిపోతుంది.

శాన్ హువాన్‌లోని రియో పియెద్రాస్ నుంచి తూర్పు తీరం చుట్టి సలీనాస్ దాకా వెళ్లే 3వ నంబరు రోడ్డు పొడవు సుమారు 160 కి.మీ. ఊరి బయట హోటల్ చిరునామా అడిగితే వీధి పేరు చెప్పరు, ‘3వ రోడ్డు, కి.మీ. 32.4’ అంటారు. అంటే 32వ కిలోమీటరు బోర్డు దాటాక ఇంకో 400 మీటర్లు. కారు మీటరు మాత్రం మైళ్లలో తిరుగుతుంది. 20వ కిలోమీటరు దగ్గర మీటరును సున్నా చేస్తే, 32 వచ్చేసరికి అది చూపేది 7.5. పన్నెండు పడేదాకా ఆగితే మీరు వెళ్లాల్సిన చోటు 7 కి.మీ. వెనకే ఉండిపోతుంది. మధ్యలో డివైడర్ ఉన్నచోట యూటర్న్ దొరికేదాకా ఆ దూరం ఇంకా పెరుగుతుంది.

తీరపు రోడ్డు అనగానే అడుగడుగునా సముద్రం కనిపిస్తుందనుకోవద్దు. కరోలినా, కనోవనాస్ మీదుగా వెళ్లేటప్పుడు కనిపించేవి దుకాణాలు, సిగ్నళ్లే. పక్కనే నడిచే 66వ నంబరు రోడ్డు త్వరగా తీసుకెళ్తుంది కానీ దానికి టోల్ ఉంది; అద్దె కారులో టోల్ కట్టే ట్యాగ్ పనిచేస్తోందో లేదో ముందే అడగాలి. తూర్పున ఉన్న వియెకెస్, కులెబ్రా అనే చిన్న దీవులకు వెళ్లే పడవలు 2018 నుంచి సెయిబా అనే ఊళ్లో బయల్దేరుతున్నాయి. పాత గైడు పుస్తకం నమ్మి ఫహార్దో రేవుకు వెళితే పడవ తప్పినట్టే.

ఉమకావో దగ్గర పుంతా శాంతియాగో తీరం నుంచి చూస్తే కాయో శాంతియాగో అనే చిన్న దీవి కనిపిస్తుంది. 1938లో భారతదేశం నుంచి పరిశోధన కోసం ఓడలో తెచ్చిన ఎర్రమూతి కోతుల సంతతి అక్కడే ఉంది. దీవి మీద సందర్శకులను దిగనివ్వరు.

యబుకోవా తర్వాత దారి ఎంచుకోవాలి. 53వ నంబరు రోడ్డు 2008లో తెరిచిన సొరంగం గుండా మౌనాబోకు తేలిగ్గా చేరుస్తుంది. 3వ నంబరు కొండ మీదుగా మెలికలు తిరుగుతుంది. సముద్రమే చూడాలంటే 901వ నంబరు రోడ్డు పట్టుకోవాలి. అది ఇరుకు, మలుపులు ఎక్కువ. చీకటి పడకముందే దాటాలి. మౌనాబో దాటి పతియాస్ వైపు సాగితే 3వ నంబరు రోడ్డే మళ్లీ అలల పక్కకు వస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఓర్లాండో