ప్రిన్సిపాల్‌కు పాలన నేర్పేదెవరు?

డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ కాబోయేవారికి పాలన నేర్పే పీజీ చదువు మన దగ్గరే అందుబాటులో ఉండాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు ఆ పోస్టుకు పీహెచ్‌డీ, 15 ఏళ్ల అనుభవం, కనీసం 10 పరిశోధన పత్రాలు అడుగుతాయి. బడ్జెట్ వేయడం, సర్వీసు రూల్స్ చదవడం వచ్చా అని అడగవు. నేను పనిచేసిన కళాశాలలో ఫిజిక్స్ అద్భుతంగా చెప్పే సార్ ప్రిన్సిపాల్ అయ్యారు. మొదటి నెలలోనే క్యాష్‌బుక్కు, ఆడిట్ అభ్యంతరాలు, కళాశాల నాణ్యతను మదింపు చేసే న్యాక్‌కు ఇవ్వాల్సిన నివేదిక ఒక్కసారిగా మీద పడ్డాయి. రాత్రి ఎనిమిదైనా సీనియర్ అసిస్టెంట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఓచరు ఏ పద్దు కిందికి వస్తుందో అడిగి రాసుకునేవారు. ఆయన టెన్షన్ చూస్తే బాధేసేది. ఆ ఏడాది స్కాలర్‌షిప్ ఫైళ్లు కదలక పిల్లలు ఆఫీసు చుట్టూ తిరిగారు. తప్పు ఆయనది కాదు, ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఢిల్లీలోని జాతీయ విద్యా ప్రణాళిక, పాలన సంస్థ (నీపా) 1962 నుంచి ఈ రంగంలోనే పనిచేస్తోంది, కానీ ఇల్లూ ఉద్యోగమూ వదిలి అంతదూరం వెళ్లగలిగేది ఎందరు? ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాలు ఉద్యోగం చేస్తూనే చదువుకునేలా ఉన్నత విద్యా పాలనలో రెండేళ్ల పీజీ పెట్టాలి. పదోన్నతికి ముందు ఆర్నెల్లు అనుభవమున్న ప్రిన్సిపాల్ దగ్గర పని నేర్చుకోవడం తప్పనిసరి చేయాలి. ఫీజు ప్రభుత్వమే కట్టాలి.

- విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్